యూనిఫాం కావాలి, అబద్ధం వద్దు

సందేహాలు - సమాధానాలు

సైన్యంలో చేరిక, సర్వీసు, పెన్షన్ విషయాల మీద వచ్చే ఉత్తరాలకు ఈ శీర్షికలో జవాబులిస్తుంటాను. ఎక్కువగా వచ్చేవి డిజబిలిటీ పెన్షన్ లెక్కలు, మెడికల్‌లో తీసేసినవాళ్ల అప్పీళ్లు. కొంతకాలంగా మరో రకం ఉత్తరాలు కూడా వస్తున్నాయి. వాటిలో చాలావాటికి కింద సంతకం ఉండదు. అలాంటివాటిని ఈసారి ఒకచోట చేర్చాను. రాసినవాళ్లెవరో తెలియకుండా పేర్లు, యూనిట్లు తీసేశాను.

ప్రశ్న: మేడమ్, నా వయసు 22. మాది విజయనగరం జిల్లా. డిగ్రీ ఫస్ట్ క్లాసులో పాసయ్యాను, ఎన్‌సీసీ ‘సి’ సర్టిఫికెట్ ఉంది. మా తాతయ్య, పెదనాన్న ఇద్దరూ ఆర్మీలో చేశారు. నేను గేని. కాలేజీలో అందరికీ తెలుసు. ఇంట్లో అమ్మకీ అక్కకీ తెలుసు. ఇన్‌స్టాలో కూడా దాచలేదు. సీడీఎస్ రాయాలనుకుంటున్నాను. గే అయితే ఆర్మీలోకి తీసుకోరా? ఎస్ఎస్‌బీలో అడుగుతారా? అడిగితే ఏం చెప్పాలి? పాత పోస్టులన్నీ తీసేయమంటారా?

సమాధానం: ముందు దేశం చట్టం. 2018 సెప్టెంబరు 6న నవ్‌తేజ్ సింగ్ జోహార్ కేసులో ఐదుగురు జడ్జీల సుప్రీంకోర్టు ధర్మాసనం తీర్పిచ్చింది. ఇష్టపడిన ఇద్దరు వయోజనుల మధ్య ఏకాంతంలో జరిగేదానికి 377 సెక్షన్ వర్తించదని అందులో తేల్చింది. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అసలు ఆ సెక్షనే లేదు. కాబట్టి మీరు గే అయినందుకు మీ మీద కేసు పుట్టదు, పోలీసు వెరిఫికేషన్‌లో అడ్డు తగలదు. సీడీఎస్ అర్హతల్లో వయసు, చదువు, పౌరసత్వం, పెళ్లి కాకపోవడం, శరీర ప్రమాణాలు ఉంటాయి. మీరు ఎవరిని ఇష్టపడతారన్నది ఆ అర్హతల్లో ఒకటి కాదు.

అసలు చిక్కు గేటు దాటాక మొదలవుతుంది. సైనికుడికి దేశం చట్టంతో పాటు 1950 నాటి ఆర్మీ చట్టం కూడా వర్తిస్తుంది. దాని 46వ సెక్షన్ ‘క్రూరమైన, అసభ్యమైన లేదా అసహజమైన’ సిగ్గుమాలిన ప్రవర్తనకు కోర్టు మార్షల్ ద్వారా ఏడేళ్ల వరకు జైలుశిక్ష వేయవచ్చంటుంది. ఏది అసహజమో ఆ చట్టం ఎక్కడా చెప్పదు. 45వ సెక్షన్ హోదాకు తగని ప్రవర్తన గురించి. ఆఫీసరు మీద ఆ నేరం రుజువైతే కొలువు, హోదా పోవచ్చు. 63వ సెక్షన్ క్రమశిక్షణకు భంగం గురించి. అది ఎంత వెడల్పయిన సెక్షనంటే దానిలో ఏదైనా పడుతుంది. ‘గే అయినవాడు శిక్షార్హుడు’ అని వీటిలో ఏదీ అనదు. అనకపోయినా, ఎవరైనా ఫిర్యాదు చేస్తే మీ జీవితాన్ని ఏ సెక్షన్ కింద చూడాలో నిర్ణయించేది మీ పై అధికారులు.

సుప్రీంకోర్టు చెప్పాక ఇదెలా కుదురుతుందని మీరు అడగవచ్చు. రాజ్యాంగం 33వ అధికరణ కింద సైనికులకు ప్రాథమిక హక్కులు ఎంత మేరకు వర్తించాలో పార్లమెంటు తగ్గించవచ్చు. నవ్‌తేజ్ తీర్పు ఆర్మీ చట్టం జోలికి పోలేదు. 2019 జనవరిలో అప్పటి ఆర్మీ చీఫ్ జనరల్ బిపిన్ రావత్‌ను విలేకరులు ఇదే అడిగారు. సైన్యం సంప్రదాయబద్ధమైనదనీ, దీన్ని లోపలికి రానివ్వబోమనీ, అలాంటివి ఎదురైతే ఆర్మీ చట్టం కింద చూసుకుంటామనీ ఆయన బాహాటంగానే చెప్పారు. 2022లో దర్శకుడు ఒనిర్ ఒక గే సైనికుడి కథతో సినిమా తీయబోతే రక్షణ శాఖ అనుమతి ఇవ్వలేదు. ఆ కథకు ప్రేరణ మేజర్ జె. సురేశ్. ఆయన 2010లో ఆర్మీ వదిలి, 2020లో తాను గేనని బయటికి చెప్పిన మాజీ అధికారి.

న్యాయవాదిగా నా అభిప్రాయం వేరు. ఆర్మీ చట్టం 21వ సెక్షన్ కింద తగ్గించడానికి వీలున్న హక్కులు యూనియన్లలో చేరడం, సభలకూ ప్రదర్శనలకూ వెళ్లడం, పత్రికలకెక్కడం. సమానత్వం, గౌరవంగా బతికే హక్కు ఆ జాబితాలో లేవు. ప్రకృతిలో ఉన్నదే అని సుప్రీంకోర్టు చెప్పినదాన్ని 46వ సెక్షన్‌లో ‘అసహజం’ కింద చదవడం నిలబడదనే నేను వాదిస్తాను. కానీ వాదన ఉండటం వేరు, తీర్పు చేతిలో ఉండటం వేరు. ఉత్తరప్రదేశ్‌లో మరో మగవాడితో ఉన్న వీడియో బయటపడిందని ఒక హోంగార్డును ఉద్యోగం నుంచి తీసేస్తే, 2021 ఫిబ్రవరిలో అలహాబాద్ హైకోర్టు నవ్‌తేజ్ తీర్పును చూపి ఆ ఉత్తర్వును కొట్టేసింది. హోంగార్డుకు దొరికిన ఆ రక్షణ జవానుకు తనంతట తాను రాదు. అక్రమ సంబంధాన్ని నేరాల జాబితాలోంచి తీసేసిన 2018 తీర్పు సాయుధ దళాల క్రమశిక్షణ చర్యలకు అడ్డు కాదని 2023 జనవరిలో సుప్రీంకోర్టే స్పష్టం చేసింది. ఆ దారిలోనే ఇక్కడా నడిస్తే మన వాదన వీగిపోవచ్చు. మొదటి కేసు ఎవరిదైనా వాళ్ల కెరీర్‌నే పణంగా పెట్టి నడుస్తుంది. ఆ కేసు మీరు కావాలని నేను అడగలేను.

ఇక ఎస్ఎస్‌బీ, అంటే ఆఫీసర్లను ఎంపిక చేసే బోర్డు. మీకు ‘సి’ సర్టిఫికెట్ ఉంది కాబట్టి, మార్కులు, గ్రేడు సరిపోతే ఎన్‌సీసీ స్పెషల్ ఎంట్రీ ద్వారా రాతపరీక్ష లేకుండా నేరుగా ఎస్ఎస్‌బీకి వెళ్లవచ్చు. చాలామంది పిల్లలు ఈ సంగతి మరిచిపోతారు. అక్కడ మొదటి రోజు నింపే పీఐక్యూ ఫారంలో తల్లిదండ్రుల చదువు, ఆదాయం, మీ మార్కులు, ఆటలు, హాబీలు, పెళ్లయిందా లేదా అని ఉంటుంది. ఎవరిని ఇష్టపడతారన్న గడి లేదు. సైకాలజీ పరీక్షల్లో అమ్మానాన్నలు, టీచర్లు, స్నేహితులు మీ గురించి ఏమనుకుంటారో రాయమంటారు. అక్కడ ఉన్నది ఉన్నట్టు రాయండి. స్నేహితుల పేరాలో ఈ విషయం తప్పక రాయాల్సిన పని లేదు. ఇంటర్వ్యూలో ‘గర్ల్‌ఫ్రెండ్ ఉందా’ అని అడగడం మామూలే. ‘లేదు సార్’ అన్నది నిజమే కదా. అక్కడితో ఆగండి. లేని అమ్మాయిని సృష్టించకండి. ఒక అబద్ధం మోస్తూ ఐదు రోజులు గడిపితే అది మీ మాటలోనూ నడకలోనూ కనిపిస్తుంది, వాళ్లు చూసేది కూడా అదే. నేరుగా ‘నువ్వు గేనా’ అని అడిగితే మాత్రం అబద్ధం చెప్పమని నేను అనను. చెప్పాక మిమ్మల్ని రికమెండ్ చేయకపోతే కారణం ఇదేనని నిరూపించే మార్గం ఉండదు. ఎస్ఎస్‌బీ ఎవరికీ కారణాలు చెప్పదు. ఈ రెండూ తెలిసే లోపలికి వెళ్లండి.

పోస్టులు తీసేయడం తప్పేమీ కాదు. కానీ ఎవరి ఫోన్లో ఏ స్క్రీన్‌షాట్ ఉందో మీకు తెలియదు. తీసేశాం కదా, ఎవరికీ తెలియదన్న ధీమాతో మాత్రం చేరకండి. కాలేజీలో అందరికీ తెలుసన్నారు. మీ బ్యాచ్‌లో ఇంకొకరు అదే అకాడమీకి రావచ్చు.

చేరాలా వద్దా? ఇప్పుడున్నంత బాహాటంగా, భాగస్వామితో, ఆ మాట నలుగురిలో చెప్పుకుంటూ బతకాలన్నది మీకు ముఖ్యమైతే, ఈ రోజున భారత సైన్యం ఆ చోటు ఇవ్వడం లేదు. బీఎస్ఎఫ్ లాంటి దళాల చట్టాల్లోనూ ఇలాంటి మాటలే ఉన్నాయి. దేశ రక్షణలో పని చేయాలన్నది ముఖ్యమైతే హైదరాబాద్ డీఆర్‌డీవో ల్యాబుల్లో, బీడీఎల్‌లో, మిలిటరీ ఇంజినీరింగ్ సర్వీసులో సివిలియన్ కొలువులు ఉన్నాయి. అక్కడ 46వ సెక్షన్ లేదు. రాష్ట్ర పోలీసు శాఖ ఉంది, అక్కడ అన్యాయం జరిగితే మామూలు సర్వీసు చట్టంతోనే హైకోర్టుకు వెళ్లవచ్చు. ఇవన్నీ తూచి చూశాక కూడా ఆలివ్ గ్రీన్ యూనిఫామే కావాలి, సొంత విషయం సొంతంగానే ఉంచుకుంటాను అంటే, అది కూడా మీ హక్కే. అలా లోపల పనిచేస్తున్నవాళ్లు పిరికివాళ్లు కారు. మీలాంటి పిల్లలను ఈ ఎంపిక చేసుకోమనాల్సి రావడమే నాకు బాధ. తప్పు మీది కాదు, తలుపు వేసిన సంస్థది.

ప్రశ్న: అమ్మా, మా అబ్బాయికి 20 ఏళ్లు. తనకు అమ్మాయిల మీద ఇష్టం లేదని ఏడాది క్రితం నాతో చెప్పాడు. వాళ్ల నాన్నకు తెలియదు. మా ఆడపడుచు భర్త మాజీ సైనికుడు. విషయం పసిగట్టి, ‘అగ్నివీర్‌లో వేసెయ్యండి, ట్రైనింగ్‌లో మగాడవుతాడు, రాగానే పెళ్లి చేసెయ్యండి, అంతా సర్దుకుంటుంది’ అంటున్నారు. ఒక డాక్టరు మందులిచ్చి మారుస్తానన్నారు. వాడికి కూడా ఆర్మీ ఇష్టమే. ఏం చేయమంటారు?

సమాధానం: అమ్మా, మీ అబ్బాయి మీకు చెప్పగలిగాడు. ఆ నమ్మకాన్ని నిలబెట్టుకోండి, మిగతావి తర్వాత.

ఆ డాక్టరు దగ్గరికి మళ్లీ వెళ్లకండి. ఇది జబ్బు కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే తన జాబితా మార్చింది. భారతీయ సైకియాట్రిక్ సొసైటీ కూడా 2018లో ఇదే ప్రకటించింది. ఇలా మారుస్తామని చికిత్స చేయడం వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని జాతీయ మెడికల్ కమిషన్ 2022లో చెప్పింది. 2021లో మద్రాసు హైకోర్టులో జస్టిస్ ఆనంద్ వెంకటేశ్ ఇచ్చిన ఉత్తర్వుల వల్ల వచ్చిన మార్పు అది. ఆ డాక్టరు మీద మీరు రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు.

సైనిక శిక్షణ పరుగును, గురిని, ఓర్పును మారుస్తుంది. మనసు ఎవరివైపు మొగ్గుతుందన్నది దానికి సంబంధం లేని విషయం. మీ అబ్బాయికి ఆర్మీ ఇష్టమైతే వెళ్లనివ్వండి, కానీ ‘మారడానికి’ మాత్రం పంపకండి. మారలేదని తెలిసిన రోజు అక్కడ తన పక్కన మీరుండరు. అగ్నివీర్‌లో చేరే వయసు పదిహేడున్నర నుంచి మొదలవుతుంది, గరిష్ఠ వయసు తాజా నోటిఫికేషన్‌లో చూసుకోండి. పెళ్లికానివాళ్లనే తీసుకుంటారు. నాలుగేళ్ల తర్వాత పాతిక శాతం వరకు మాత్రమే ఉంచుకుంటారు. పైన విజయనగరం అబ్బాయికి రాసినది తనచేత చదివించండి.

పెళ్లి విషయంలో మాత్రం నేను గట్టిగా చెప్పాలి. ఆ వచ్చే అమ్మాయి ఎవరి కూతురో ఆలోచించండి. సైనికుడి భార్యకు కష్టం వస్తే నేరుగా కమాండింగ్ ఆఫీసరుకు రాయవచ్చు. భర్త జీతంలోంచి కోత పెట్టి ఆమెకు పోషణ ఖర్చు ఇప్పించే అధికారం ఆర్మీ చట్టమే ఇచ్చింది. అలాంటి ఉత్తరంలో ఆమె నిజం రాస్తే ఆమె తప్పేమీ లేదు. అబ్బాయి ఉద్యోగం మాత్రం ఆ ఉత్తరంతోనే చిక్కుల్లో పడుతుంది. ఇద్దరి జీవితాలు పాడుచేసే ఏర్పాటును సర్దుబాటు అనకూడదు. మీ ఆడపడుచు భర్తగారికి ఈ ఒక్క పేరా చూపించినా చాలు.

ప్రశ్న: నేను సుబేదారుగా రిటైరయ్యాను. పశ్చిమ గోదావరి జిల్లా. ఇంటికో సైనికుడున్న మాధవరం మాకు దగ్గరే. ఎవరి మీదా నాకు ద్వేషం లేదు. కానీ బ్యారక్‌లో ముప్పై మంచాలు, మధ్యలో ట్రంకుపెట్టె పట్టేంత జాగా. ఒకటే స్నానాల గది. అక్కడ ఇలాంటివాళ్లుంటే మిగతా కుర్రాళ్లు ఏమనుకుంటారు? నమ్మకం పోతే దళం చెడిపోతుంది. కోర్టులు ఢిల్లీలో కూర్చుని చెప్పడం తేలిక. మీరేమంటారు?

సమాధానం: సుబేదార్ గారూ, బ్యారక్‌ను చూసినవారు రాసిన ఉత్తరం ఇది. అందుకే దీనికి వివరంగా జవాబు రాస్తున్నాను.

మీ సర్వీసులో ఎన్నో బ్యారక్‌లు మారి ఉంటారు. అన్ని మంచాల్లో గే అయినవాడు ఒక్కడూ లేడని మీరు అనుకోరనే నా నమ్మకం. వాళ్లు అప్పుడూ ఉన్నారు. మీ పక్కన పడుకున్నారు, మీతో డ్యూటీ మార్చుకున్నారు, మీ పెట్టె సర్దిపెట్టారు. ఏమీ కాలేదు. ఇప్పుడు కొత్తగా రాబోయేదల్లా, వాళ్లలో ఒకరు ఆ మాట పైకి చెప్పడం. కుర్రాళ్లు ఏమనుకుంటారన్న ప్రశ్న ఆ చెప్పడం గురించే.

ఆ ప్రశ్న ఇంతకుముందు ఇంకొకరి గురించి కూడా అడిగారు. మహిళా ఆఫీసర్లకు శాశ్వత కమిషన్ ఇవ్వాలా అన్న కేసులో, పల్లెల నుంచి వచ్చే జవాన్లు ఆడవాళ్ల ఆజ్ఞను అంగీకరించే మనఃస్థితిలో లేరని ప్రభుత్వం సుప్రీంకోర్టుకు రాసిచ్చింది. 2020 ఫిబ్రవరి 17న బబితా పునియా తీర్పులో కోర్టు దాన్ని తిప్పికొట్టింది. మార్చుకోవాల్సింది ఆ మనఃస్థితినేనంది. మన పల్లెల కుర్రాళ్ల గురించి ఢిల్లీ అంత తక్కువగా అనుకోవడం నాకూ నచ్చలేదు. వాళ్లు క్రమశిక్షణ నేర్చినవాళ్లు, పైనుంచి ఆజ్ఞ స్పష్టంగా వస్తే పాటిస్తారు. మీరు కూడా మీ కంపెనీలో అలానే చేయించి ఉంటారు.

ఇక మన చట్టంలోని ఆ మాటలు ఎక్కడివో చూడండి. ‘క్రూరమైన, అసభ్యమైన లేదా అసహజమైన’ అన్నవి 1881 నాటి బ్రిటిష్ ఆర్మీ చట్టంలోంచి మనకు వచ్చినవి. ఆ బ్రిటన్‌లోనే 1967లో ఇంగ్లండ్, వేల్స్ పౌరులకు ఇది నేరం కాకుండా పోయినా, సైన్యానికి మాత్రం మినహాయింపు పెట్టారు. మన ఇప్పటి పరిస్థితికి దగ్గరగా ఉంది కదా? అక్కడ 1999 సెప్టెంబరులో యూరోపియన్ మానవ హక్కుల కోర్టు స్మిత్, గ్రేడీ కేసులో నిషేధాన్ని తప్పుపట్టాక, 2000 జనవరి 12న నిషేధం ఎత్తేశారు. బ్యారక్‌లు కూలిపోతాయని అక్కడా అన్నారు, కూలలేదు. 2023 జూలైలో ప్రధాని రిషి సునాక్, అంతకాలం తొలగించినవాళ్లకు పార్లమెంటులో క్షమాపణ చెప్పారు. కెనడా, ఆస్ట్రేలియా 1992లో, ఇజ్రాయెల్ 1993లో దారి తెరిచాయి. ఇజ్రాయెల్ సైన్యం యుద్ధం చూడని సైన్యం కాదని మీకు నేను చెప్పనక్కర్లేదు. అమెరికా నిషేధం ఎత్తేసే ముందు 2010లో తన సైనికులనే అడిగింది. సుమారు 70 శాతం మంది మంచే జరుగుతుందనో, పెద్ద తేడా ఉండదనో, మంచీ చెడూ కలిసి ఉంటాయనో చెప్పారు.

మీ ఆందోళనలో నాకు నిజంగా న్యాయంగా అనిపించే భాగం ఒకటుంది. బ్యారక్‌లో ఒకడు ఇంకొకడి మీద చేయి వేస్తే? పై ర్యాంకు వాడు కొత్త కుర్రాడిని లొంగదీసుకుంటే? దానికి కఠినమైన శిక్ష ఉండాలి. ఇక్కడ మనందరం చూడాల్సిన లోటు ఒకటి ఉంది. కొత్త న్యాయ సంహితలో 377 లేకపోవడంతో, మగవాడి మీద జరిగే లైంగిక దాడికి పౌర చట్టంలో ప్రత్యేకమైన సెక్షన్ లేకుండా పోయింది. సైన్యంలో అలాంటి బాధితుడికి ప్రధానంగా మిగిలినది ఆర్మీ చట్టం 46లోని ‘అసభ్యమైన’ అన్న మాటే. అందుకే ఆ సెక్షన్ మొత్తాన్ని ఎత్తేయమని నేను అనను. ‘అసహజమైన’ తీసేసి, ఆ చోట ‘సమ్మతి లేని’ అని రాయమంటాను. అప్పుడు మీ కుర్రాళ్లకు ఇప్పటికన్నా ఎక్కువ రక్షణ ఉంటుంది.

ఇంకొక్క మాట. భద్రత అని చాలామంది అంటారు, శత్రువులు ఇలాంటివాళ్లను పట్టుకుని బెదిరిస్తారని. బెదిరించడానికి పనికొచ్చేది రహస్యం. కమాండరుకు తెలిసి, ఆయనకు అభ్యంతరం లేని విషయంతో ఎవరు ఎవరిని బెదిరించగలరు? సైనికుడి చేత రహస్యం మోయిస్తున్నది మన నియమమే. ఈ మాట ఊరికే అనడం లేదు. చివర ఉన్న ఉత్తరం చదవండి.

ప్రశ్న: మేము టెక్సాస్‌లో ఉంటాం. మా అబ్బాయి ఇక్కడే పుట్టాడు. కాలేజీలో ఆర్మీ ఆఫీసర్ల శిక్షణ కార్యక్రమం రోట్సీలో చేరతానంటున్నాడు. తను గేనని ఇంట్లో చెప్పాడు, మేము ఒప్పుకున్నాం. కానీ ఆర్మీ అంటే భయంగా ఉంది. అక్కడ వాణ్ణి ఎలా చూస్తారు?

సమాధానం: ఒప్పుకున్నందుకు ముందు మీ ఇద్దరికీ నమస్కారం.

మీ అబ్బాయి విషయంలో చట్టం తేటగా ఉంది. ‘అడగం, చెప్పొద్దు’ అన్న 1993 నాటి విధానాన్ని రద్దు చేసే చట్టం మీద 2010 డిసెంబరు 22న ఒబామా సంతకం చేశారు. 2011 సెప్టెంబరు 20 నుంచి గే సైనికులు, ఆఫీసర్లు దాచుకోకుండా పనిచేస్తున్నారు. ఆ విధానం ఉన్న ఏళ్లలో పదమూడు వేల మందికి పైగా ఉద్యోగాలు పోయాయి. 2013 నుంచి ఒకే లింగానికి చెందిన జీవిత భాగస్వామికి కూడా వైద్యం, ఇంటి భత్యం వంటివన్నీ ఇస్తున్నారు. 2016లో ఆర్మీకి పౌర అధిపతిగా, అంటే సెక్రటరీగా వచ్చిన ఎరిక్ ఫానింగ్, తాను గేనని బాహాటంగా చెప్పిన వ్యక్తి. అయితే చట్టం మారినంత మాత్రాన ప్రతి యూనిట్‌లోనూ ప్రతి సార్జెంటూ మారిపోడు. చేరే ముందు అదే కాలేజీలో రోట్సీ సీనియర్లతో మీ అబ్బాయి చేత మాట్లాడించండి. ఒప్పందం మీద సంతకం పెడితే యాక్టివ్, రిజర్వు కలిపి ఎనిమిదేళ్ల బాధ్యత ఉంటుందని కూడా గుర్తుంచుకోండి. ట్రాన్స్‌జెండర్ సైనికుల విషయం మాత్రం ఇలా లేదు. వారి మీద 2025లో మళ్లీ నిషేధం పెట్టారు, దాన్ని అమలు చేయడానికి అక్కడి సుప్రీంకోర్టు అదే ఏడాది మే నెలలో అనుమతి ఇచ్చింది.

మీరు అడగని సంగతి ఒకటి చెప్తాను, ఎందుకంటే మన కుటుంబాలు ఇక్కడే దెబ్బ తింటున్నాయి. విదేశీ సైన్యంలో పనిచేస్తున్నవాళ్లకు, రిటైరైనవాళ్లకు భారత ప్రభుత్వం ఓసీఐ కార్డు ఇవ్వదు. తాతయ్య, అమ్మమ్మల దగ్గరికి వచ్చిపోవడానికి అబ్బాయి వీసా తీసుకోవాల్సి వస్తుంది. ఇప్పటికే కార్డు ఉంటే, చేరే ముందు కాన్సులేట్‌కు రాతపూర్వకంగా రాసి జవాబు తెప్పించుకోండి.

ప్రశ్న: నేను ట్రాన్స్ మహిళను, విశాఖపట్నం. నేవీలో చేరే అవకాశం ఉందా?

సమాధానం: ప్రస్తుతం లేదు. మీ నగరంలోనే ఐఎన్ఎస్ ఏకశిలలో పనిచేసిన సబి, లింగమార్పిడి శస్త్రచికిత్స చేయించుకున్నారని 2017లో నేవీ ఆమెను తొలగించింది. ఆమె ఢిల్లీ హైకోర్టుకు వెళ్లారు. ఉద్యోగాల్లో వివక్ష చూపరాదని 2019 ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల చట్టం చెబుతున్నా, సాయుధ దళాలు మీకు చేరిక దారి తెరవలేదు. యూనిఫాం మీదే మీ మనసుంటే, జిల్లా యంత్రాంగం ఇచ్చే ట్రాన్స్‌జెండర్ గుర్తింపు పత్రం ఇప్పుడే తీసుకుని రాష్ట్ర పోలీసు నోటిఫికేషన్ల మీద కన్నేసి ఉంచండి.

ప్రశ్న: నేను నాయక్‌ని. 12 ఏళ్ల సర్వీసు. పెళ్లయింది, ఒక పాప. సెలవులో ఒక డేటింగ్ యాప్‌లో పరిచయమైనవాడు మా చాటింగ్, ఫొటోలు మా సీఓకీ మా ఊరివాళ్లకీ పంపుతానని డబ్బు అడుగుతున్నాడు. రెండుసార్లు పంపాను, మళ్లీ అడుగుతున్నాడు. నిద్ర పట్టడం లేదు. ఏదైనా చేసుకోవాలనిపిస్తోంది. ఉద్యోగం పోతుందా?

సమాధానం: తమ్ముడూ, చివరి ప్రశ్న కన్నా ముందు, ఏదైనా చేసుకోవాలనిపిస్తోందన్నారే, దాని సంగతి చూద్దాం. ఇది చదవగానే 14416కి ఫోన్ చేయండి. అది టెలి మానస్, రాత్రీ పగలూ ఉంటుంది, డబ్బులుండవు, తెలుగులో మాట్లాడతారు. యూనిట్, పేరు చెప్పనక్కర్లేదు. ఆ ఆలోచనలు బలంగా ఉన్న రోజుల్లో ఆయుధంతో ఉండే గార్డు డ్యూటీ రాకుండా, ఒంట్లో బాగోలేదని చెప్పి తప్పుకోండి. నమ్మే మనిషి ఒక్కరున్నా, అన్నో, బావో, స్నేహితుడో, వాళ్లకు చెప్పండి.

ఇక ఇంకో రూపాయి పంపకండి. డబ్బు పంపినకొద్దీ అడుగుతూనే ఉంటారు. అతను చేస్తున్నది న్యాయ సంహిత 308 కింద బలవంతపు వసూలు, ఏడేళ్ల వరకు శిక్ష ఉంది. చాటింగ్ తుడిచేయకండి. అతని ప్రొఫైల్, నంబరు, డబ్బు వెళ్లిన యూపీఐ ఐడీ, తేదీలు అన్నీ స్క్రీన్‌షాట్లు తీసి భద్రపరచండి. 1930 సైబర్ నేరాల హెల్ప్‌లైన్. కానీ దానికి ఫోన్ చేసే ముందు, సైనిక కేసులు చూసే ఒక లాయరును కలవండి. పోలీసు ఫిర్యాదు ఎక్కడో ఒకచోట మీ యూనిట్‌కు చేరే వీలుంది, ఆ రోజుకు మీరు సిద్ధంగా ఉండాలి.

ఒక్క పరిస్థితిలో మాత్రం లాయరు కోసం కూడా ఆగకండి. అతను డబ్బు మాని యూనిట్ ఎక్కడుంది, ఎప్పుడు కదులుతుంది, ఫలానా కాగితం ఫొటో పంపు అని అడిగితే, ఆ గంటలోనే మీ కంపెనీ కమాండరుకు చెప్పండి. ఏమీ పంపకండి. దాచి పంపితే అది అధికార రహస్యాల కేసవుతుంది. అక్కడి నుంచి మిమ్మల్ని ఎవరూ బయటికి లాగలేరు.

ఉద్యోగం సంగతి నిజాయితీగా చెప్తాను. రెండు విషయాలు మీకు వ్యతిరేకంగా ఉన్నాయి. ఒకటి, 2020 జూలైలో ఆర్మీ 89 యాప్‌లు ఫోన్లలోంచి తీసేయమని ఆదేశించింది. వాటిలో డేటింగ్ యాప్‌లు కూడా ఉన్నాయి. ఆ ఉల్లంఘన మీద విడిగా చర్య రావచ్చు. రెండు, పైన చెప్పిన 45, 46, 63 సెక్షన్ల సంగతి. మీరు ఆఫీసరు కాదు, జేసీవో కాదు కాబట్టి 45 మీకు వర్తించదు. మిగతా రెండింటిలో దేని కింద పెట్టినా, సెలవులో, ఇష్టపడిన వయోజనుడితో, యూనిట్ బయట జరిగిందన్నది మీ ప్రధాన వాదన.

మీకు అనుకూలంగా ఉన్నవి కూడా తక్కువేమీ కాదు. కోర్టు ఆఫ్ ఎంక్వైరీ వేస్తే, మీ నడతకు, పరువుకు సంబంధించిన విచారణ కాబట్టి ఆర్మీ రూల్ 180 ప్రకారం మొదటి నుంచి చివరి దాకా మీరు హాజరుండే హక్కు ఉంది. సాక్షులను ప్రశ్నించే హక్కు ఉంది. ‘నువ్వు బయట కూర్చో’ అంటే ఆ రూలు పేరు చెప్పి అభ్యంతరం రాసివ్వండి. తెల్లకాగితం మీద సంతకం పెట్టకండి. ‘తప్పైపోయింది’ అని ఎవరో చెప్పినట్టు రాయకండి. రూల్ 13 కింద డిశ్చార్జ్ చేయాలంటే కారణం చూపమని నోటీసు ఇచ్చి మీ జవాబు తీసుకోవాలి. సర్వీసు రికార్డులో శిక్షలు నమోదైన నాలుగు రెడ్ ఇంక్ ఎంట్రీలున్నాయని ఒక జవానును విచారణ లేకుండా ఇంటికి పంపితే, 2015లో వీరేంద్ర కుమార్ దూబే కేసులో సుప్రీంకోర్టు ఆ డిశ్చార్జ్‌ను కొట్టేసింది.

పెన్షన్‌కు 15 ఏళ్లు కావాలి, మీకింకా మూడేళ్లున్నాయి. అందుకే నోటీసు వస్తే ఒక్క రోజు కూడా వృథా చేయకండి. డిశ్చార్జ్ అయితే ఆంధ్ర, తెలంగాణ వాళ్లకు సాయుధ దళాల ట్రిబ్యునల్ చెన్నై బెంచ్ ఉంది. అక్కడికి వెళ్లే ముందు ఆర్మీ చట్టం 26 కింద పై అధికారులకు ఫిర్యాదు పెట్టుకోండి. దాని మీద తుది ఉత్తర్వు వెలువడిన నాటి నుంచి ఆరు నెలల్లోపు ట్రిబ్యునల్‌లో దరఖాస్తు పడాలి.

మీ భార్యకు ఈ విషయం బెదిరించేవాడి నోటి నుంచి కాకుండా మీ నోటి నుంచి తెలియాలని నా సలహా. ఎప్పుడు, ఎలా అన్నది మీరు ఆలోచించుకోండి. లాయరు దగ్గరికి వెళ్లేటప్పుడు స్క్రీన్‌షాట్ల ప్రింట్లు రెండు సెట్లు, బ్యాంకు స్టేట్‌మెంటు, మీ సెలవు సర్టిఫికెట్ పట్టుకెళ్లండి. ఆ రోజుల్లో మీరు సెలవులో ఉన్నారని చూపించేది ఆ సర్టిఫికెట్టే.